ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకకుండా ఎనిమిది వారాల సాధన: ఎలా చేయాలి

కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "వాపు పోయింది, నొప్పి లేదు, పరుగెత్తగలుగుతున్నాను, అయినా అదే కాలు మళ్లీ ఎందుకు మడతపడింది?" అడిగేవారి వయసూ ఆటా మారుతుంటాయి గానీ ప్రశ్న మారదు. నొప్పి తగ్గడం వేరు, కాలికి పట్టు తిరిగి రావడం వేరు. మొదటిది విశ్రాంతితో చాలావరకు దానంతట అదే జరుగుతుంది, రెండోది సాధన చేస్తే తప్ప పూర్తిగా జరగదు. ఆ సాధనను ఇంట్లో, పెద్ద ఖర్చు లేకుండా, వారానికి 3 రోజులు, రోజుకు 15 నుంచి 20 నిమిషాల చొప్పున ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

సిద్ధాంతం ఈ కాస్త తెలిస్తే చాలు. కరెంటు పోయిన చీకట్లో మెట్లు దిగేటప్పుడు కూడా మీ పాదం ఎక్కడుందో, ఎటు వంగిందో మీకు తెలుస్తుంది. కండరాలు, స్నాయువులు, కీలు చుట్టూ ఉండే లిగమెంట్లు మెదడుకు పంపే ఈ కబురునే ప్రొప్రియోసెప్షన్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్, 1906లో. చీలమండ బెణికినవారు ఆ కాలిమీద నిలకడగా నిలబడలేకపోతున్నారనీ, ఊగే చెక్కపై సాధన చేయిస్తే ఆ లోపం తగ్గుతోందనీ 1965లో బ్రిటన్‌లోని ఎముకల వైద్యుడు మైకేల్ ఫ్రీమన్, ఆయన సహచరులు రాశారు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. కాలు మడతపడుతున్న క్షణంలో కండరం చురుగ్గా స్పందించి కాపాడుతుందని అనుకుంటారు, కానీ మడతపడటానికి పట్టే కాలం కండరం స్పందించడానికి పట్టే కాలం కంటే తరచుగా తక్కువే. కాబట్టి పాదం నేలను తాకకముందే సరైన కోణంలో సిద్ధంగా ఉండటం అలవాటు కావాలి. అందుకే ఈ పద్ధతిలో కొంగలా నిలబడటం కంటే గెంతి సరిగ్గా దిగడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఎవరు మొదలుపెట్టవచ్చు, ఎవరు ఆగాలి

కుంటకుండా నడవగలుగుతూ, మెట్లు ఎక్కి దిగగలుగుతూ, వాపు దాదాపుగా తగ్గినవారు మొదలుపెట్టవచ్చు. ఎప్పుడూ బెణకనివారు కూడా చేయవచ్చు గానీ, లాభం ఇప్పటికే ఒకసారి బెణికినవారిలోనే స్పష్టంగా కనిపిస్తుందని ముందే చెప్పడం న్యాయం. నెదర్లాండ్స్‌లో 2001–02 సీజన్‌లో 116 వాలీబాల్ జట్ల మీద జరిగిన అధ్యయనంలో ఊగే చెక్క సాధన వల్ల చీలమండ బెణుకులు తగ్గింది అంతకుముందు బెణికిన ఆటగాళ్లలోనే.

దెబ్బ తగిలి ఇంకా కొద్ది రోజులే అయి, ఆ కాలిమీద 4 అడుగులు కూడా వేయలేకపోతుంటే, లేదా చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల వెనుక అంచు మీదగానీ కొన మీదగానీ వేలితో నొక్కితే నొప్పి తెలుస్తుంటే, ముందు ఎక్స్‌రే తీయించుకోండి. ఆసుపత్రులలో వైద్యులు వాడే ఒట్టావా నియమాలలో ముఖ్యమైన ప్రశ్నలు ఇవే. ఎదిగే వయసు పిల్లల్లో ఎముక చివరల్లోని ఎదుగుదల పొర దెబ్బతినే అవకాశం ఉంటుంది కాబట్టి వారి విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. తల తిరిగే జబ్బు ఉన్నవారు కళ్లు మూసే వ్యాయామాలను వైద్యుని అడగకుండా చేయకూడదు.

మన వైపు కాలు బెణికితే పుత్తూరు కట్టుకు వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు, క్రేప్ బ్యాండేజీతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. కట్టు ఎక్కడ వేయించుకున్నా, దాన్ని విప్పిన రోజున ఈ సాధన మొదలవుతుందే తప్ప వైద్యం ముగిసిపోదు.

కావలసినవి

జారని గచ్చు నేల, చేయి చాపితే అందేంత దూరంలో గోడ, సుద్దముక్క, దర్జీలు వాడే కొలత టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక టెన్నిస్ బంతి, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు, నాలుగు మడతలు వేసిన దుప్పటి లేదా బొంత, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. మీ బడిలోగానీ మైదానంలోగానీ లాంగ్ జంప్ ఇసుక గుంత ఉంటే బొంత కంటే అదే మేలు. ఊగే చెక్క, అంటే వొబుల్ బోర్డు, ఉంటే మూడో వారం నుంచి వాడవచ్చు గానీ దానికోసం ఎదురుచూడవద్దు. ఇటుక మీద పలక పెట్టి ఇంట్లోనే తయారుచేసుకోవాలనే ఆలోచన మాత్రం మానుకోండి, పలక ఒక పక్కకు జారితే ఏ గాయాన్ని తప్పించుకోవాలని మొదలుపెట్టారో అదే ఎదురవుతుంది.

మొదటి రోజు చేయాల్సింది కొలతలే

కొలతలు తీసుకోకుండా మొదలుపెట్టినవారు మూడో వారానికి "బాగానే ఉంది" అనుకుని మానేయడం నేను చాలాసార్లు చూశాను. ఈ నాలుగు కొలతలు రెండు కాళ్లకూ తీసుకుని తేదీతో సహా రాసుకోండి. చెప్పులు, సాక్సులు తీసేసి చేయండి.

మొదటి కొలత: గోడకు దగ్గరగా ఒంటికాలి మీద నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కళ్లు మూసుకోండి. ఎత్తిన కాలు నేలను తాకినా, నిలబడిన పాదం జరిగినా, చేతులు విడిపోయినా, కళ్లు తెరిచినా గడియారం ఆపేయండి. మూడుసార్లు చేసి అన్నిటికంటే మంచిదాన్ని రాసుకోండి. 40 ఏళ్లలోపు ఆరోగ్యవంతులకు కూడా ఇది సగటున 10 నుంచి 15 సెకన్ల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి నిరాశ పడవద్దు. చూడవలసింది రెండు కాళ్ల మధ్య తేడా.

రెండో కొలత: చతురస్రపు టైల్స్ ఉన్న గది ఉంటే దీనికి కొలబద్ద కూడా అక్కరలేదు. నాలుగు టైల్స్ కలిసే చోటును మధ్యబిందువు అనుకోండి. ఒక టైల్‌కు మూల నుంచి ఎదుటి మూలకు సుద్దతో గీత గీస్తే అది ముందు గీత. దానికి సరిగ్గా వెనుకవైపున ఉన్న టైల్ అంచులు రెండూ రెండు వెనుక గీతలు. ముందు గీతకూ ఒక్కొక్క వెనుక గీతకూ మధ్య 135 డిగ్రీల కోణం, వెనుక గీతల మధ్య 90 డిగ్రీల కోణం వాటంతటవే వస్తాయి. బొటనవేలి కొనను మధ్యబిందువు దగ్గర ఉంచి, ముందు గీత వైపు ముఖం పెట్టి, నడుముమీద చేతులతో ఒంటికాలి మీద నిలబడండి. రెండో కాలి వేలికొనతో ఒక్కొక్క గీత మీద వీలైనంత దూరం తాకి, బరువు మోపకుండా వెనక్కి రావాలి. నిలబడిన కాలి మడమ లేస్తే ఆ ప్రయత్నం చెల్లదు. నాలుగైదుసార్లు అలవాటు చేసుకున్నాక మూడు ప్రయత్నాలు కొలవండి. 2006లో అమెరికాలో పాఠశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించినప్పుడు, ముందు గీత మీద రెండు కాళ్ల మధ్య 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవారికి కాలి గాయాల అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. దీన్ని జోస్యంగా తీసుకోవద్దు, ఏ కాలి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలో చెప్పే సూచనగా తీసుకోండి.

మూడో కొలత: గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించండి. ఆనుతున్నంతవరకు పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ, ఇక ఆనదు అనుకునే చోట బొటనవేలి నుంచి గోడకు ఎంత దూరమో కొలవండి. ఇది నిలకడకు కొలత కాదు, చీలమండ ఎంత వంగుతోందో చెబుతుంది. రెండు కాళ్ల మధ్య 2 సెంటీమీటర్ల తేడా ఉంటే ముందు గీత మీద మీరు వెనుకబడటానికి కారణం బిగుతు కావచ్చు. అలాంటప్పుడు ఎంత నిలబడినా ఆ తేడా పోదు, పిక్క సాగదీయడం తోడవ్వాలి.

నాలుగో కొలత: రెండు కాళ్లమీద నిలబడి అర మీటరు ముందుకు గెంతి, ఒంటికాలి మీద దిగి 3 సెకన్లు కదలకుండా ఉండండి. ఐదుసార్లు చేస్తే ఎన్ని శుభ్రంగా వచ్చాయో లెక్కపెట్టండి. ఎవరిచేతనైనా ఎదుటినుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి, ఎనిమిది వారాల తరువాత పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి దాన్ని మించింది లేదు. కాలు ఇంకా నమ్మకంగా లేదనిపిస్తే ఈ కొలతను నాలుగో వారానికి వాయిదా వేయండి.

సాధన మెట్లు

1. పాదాన్ని నేలకు ఆనించడం (మొదటి వారం). బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ అనే మూడు చోట్లా బరువు సమంగా పడాలి. వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమవైపు లాగుతున్నట్టు చేస్తే అరికాలి వంపు కొద్దిగా లేస్తుంది. ఆ స్థితిలో 5 సెకన్లు ఉండి వదలండి, ఒక్కొక్క కాలికి 10 సార్లు. మొదట్లో ఏమీ జరగనట్టే అనిపిస్తుంది, మూడోరోజుకు పట్టు దొరుకుతుంది. కూర్చుని మొదలుపెట్టి, తరువాత నిలబడి చేయండి.

2. ఒంటికాలి మీద నిలబడటం (ఒకటి, రెండు వారాలు). మోకాలిని బిగించకుండా కొద్దిగా వంచి, చూపు ఎదుటి గోడమీద కంటి ఎత్తులో నిలిపి, 30 సెకన్ల చొప్పున ఒక్కొక్క కాలికి 4 సార్లు. నడుము రెండువైపులా ఒకే ఎత్తులో ఉండాలి, ఎత్తిన కాలివైపు నడుము కిందికి జారుతుంటే అది చీలమండ లోపం కాదు, పిరుదు కండరం బలహీనత. నాలుగు ప్రయత్నాల్లో మూడింటిలో గోడ పట్టుకోకుండా నిలబడగలిగిన రోజున తరువాతి మెట్టుకు వెళ్లండి. వారం గడిచిందని వెళ్లవద్దు.

3. కళ్లకు, తలకు పని చెప్పడం (రెండు, మూడు వారాలు). అదే స్థితిలో తలను నెమ్మదిగా ఎడమకూ కుడికీ 10 సార్లు, పైకీ కిందికీ 10 సార్లు తిప్పండి. తరువాత బంతిని గోడకు కొట్టి పట్టుకోండి, 20 సార్లు. చివరగా కళ్లు మూసి 10 సెకన్లు, ఐదుసార్లు. ఆటలో మీరు మీ పాదాన్ని చూసుకోరు, బంతినో ఎదుటివాడినో చూస్తారు. అందుకే చూపు మళ్లించినప్పుడు కూడా పాదం తన పని తాను చేయగలగాలి. కళ్లు మూసేటప్పుడు గోడకు జానెడు దూరంలో ఉండండి, మెట్ల దగ్గరా డాబా పిట్టగోడ పక్కనా ఎప్పుడూ చేయవద్దు.

4. నేలను మెత్తబరచడం (మూడు, నాలుగు వారాలు). బొంత మీదో ఇసుక గుంతలోనో రెండో మెట్టును మళ్లీ చేయండి, తరువాత మూడో మెట్టును. ఇసుకలోకి దిగేముందు గాజు ముక్కలు, రాళ్లు లేవని చేత్తో తడిమి చూసుకోండి. వొబుల్ బోర్డు ఉన్నవారు ఇప్పుడు మొదట రెండు కాళ్లతో, వారం తరువాత ఒంటికాలితో ఎక్కవచ్చు. దీన్ని రెండు వారాలకు మించి సాగదీయాల్సిన పని లేదని నా అభిప్రాయం. మీరు ఆడేది బొంత మీద కాదు గదా.

5. వంగి అందుకోవడం (మూడో వారం నుంచి ఐదో వారం వరకు). కొలతకోసం వాడిన ఆ మూడు గీతలే ఇక్కడ వ్యాయామం. ఒక్కొక్క దిక్కుకు 5 సార్లు, రెండు విడతలు. ఆ తరువాత ఎదురుగా అర మీటరు దూరంలో నేలమీద బంతిని పెట్టి, ఒంటికాలి మీద మోకాలు వంచి దాన్ని చేత్తో తాకి లేవండి, ఒక్కొక్క కాలికి 8 సార్లు. మోకాలు రెండో వేలికి సూటిగా ఉండాలి, బొటనవేలు దాటి లోపలికి పడిపోతుంటే వంగే లోతు తగ్గించండి.

6. దిగడం నేర్చుకోవడం (నాలుగో వారం నుంచి ఆరో వారం వరకు). అసలు సాధన ఇదే, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఇక్కడినుంచి మీరు ఆటకు వాడే బూట్లు వేసుకోండి, అంతవరకు ఒట్టి కాళ్లతో చేయడమే మంచిది.

మొదట మెట్టుమీద నుంచి ఒక కాలు ముందుకు వేసి, రెండు కాళ్లమీద దిగండి. శబ్దం వినండి. పాదాలు దబ్బున పడితే మోకాలు, తుంటి వంగడం లేదని అర్థం. పిల్లి దిగినట్టు దిగాలి. మునిపాదం ముందు తాకి వెంటనే మడమ ఆనాలి, మోకాళ్లు మెత్తగా వంగాలి, దిగిన చోట 3 సెకన్లు శిలలా ఆగాలి. 10 సార్లు దిగితే 8 సార్లు శుభ్రంగా వచ్చాక ఒంటికాలి మీద దిగండి. ఆ తరువాత మెట్టు లేకుండా నేలమీదే ముందుకు గెంతి ఒంటికాలితో దిగి ఆగండి, తరువాత పక్కకు, తరువాత ఐమూలగా. ప్రతి దిక్కుకూ 5 గెంతులు, రెండు విడతలు, విడతల మధ్య ఒక నిమిషం విశ్రాంతి. దూరం మొదట ఒక అడుగు చాలు. బయటివైపు, అంటే కుడికాలిమీద ఉండి కుడివైపుకు గెంతి ఆ కాలిమీదే దిగడం, అన్నిటికంటే కష్టమైనది. చీలమండ ఎక్కువగా మడతపడేది పాదం లోపలికి తిరిగి బయటి అంచుమీద పడినప్పుడే కాబట్టి దాన్ని చివరికి ఉంచండి, నమ్మకం కుదిరాకే చేయండి.

మోకాలి నొప్పి ఉన్నవారికి, గతంలో మోకాలికి దెబ్బ తగిలినవారికి ఒక హెచ్చరిక. పైన చెప్పిన డచ్ వాలీబాల్ అధ్యయనంలోనే, సాధన చేసిన జట్లలో పాత మోకాలి గాయం ఉన్నవారికి మోకాలి అతివాడుక నొప్పులు పెరిగాయి. అలాంటివారు గెంతుల సంఖ్యను సగం చేసుకోండి, వంగే లోతును కూడా తగ్గించుకోండి, మరుసటి ఉదయం మోకాలు ఎలా ఉందో చూసి ముందుకు వెళ్లండి.

7. తొక్కుడుబిళ్ల (ఐదు, ఆరు వారాలు). ఇది హాస్యం కాదు. సుద్దతో ఎనిమిది గళ్లు గీసి, ఒంటికాలితో గడి గడికీ గెంతుతూ వెళ్లి, చివర ఒంటికాలి మీదే వెనుదిరిగి, వంగి బిళ్ల తీసుకుని రావడంలో ముందు చెప్పిన మెట్లు అన్నీ కలిసి వస్తాయి. చిన్నప్పుడు మన అక్కచెల్లెళ్లు వాకిట్లో గంటల తరబడి ఆడింది ఇదే. గడిలో దిగిన ప్రతిసారీ ఒక లెక్క ఆగి తరువాత గెంతాలన్న ఒక్క నియమం చేర్చుకుంటే మంచి వ్యాయామమవుతుంది. ఒక్కొక్క కాలితో 4 సార్లు వెళ్లి రండి. బడిపిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయులు ఐదో మెట్టుకు బదులుగా నేరుగా దీన్నే చేయించవచ్చు, పిల్లలు దీనిలో విసుగుపడరు.

8. మీ ఆటకు తగ్గట్టు మార్చుకోవడం (ఆరో వారం నుంచి ఎనిమిదో వారం వరకు).

కబడ్డీ రైడర్లు బోనస్ గీత దాటేటప్పుడు ఒక పాదం గీత అవతల నేలమీద, రెండో పాదం గాలిలో ఉంటాయి, అంటే ఎదుటివాళ్లు ఆరుగురో ఏడుగురో చుట్టూ ఉన్న సమయంలో మీరు ఒంటికాలి మీద ఉంటారు. ఆ భంగిమనే సాధన చేయండి: కాలు చాపి గీత అవతల మోపి, రెండో కాలు ఎత్తి, ఒక లెక్క ఆగి, వెనక్కి గెంతి రావాలి, 10 సార్లు. తరువాత తోటి ఆటగాడు మీ భుజాన్నో నడుమునో చెప్పకుండా మెల్లగా నెడుతుండగా ఒంటికాలి మీద నిలబడండి, 20 సెకన్లు, నాలుగుసార్లు. నెట్టేవాడు పడగొట్టడానికి కాదు, కదిలించడానికి నెట్టాలి. కాలు పట్టించుకుని లాగించుకునే యాంకిల్ హోల్డ్ సాధనను ఈ ఎనిమిది వారాల్లో చేర్చవద్దు. మ్యాట్ మీద ఆడేవారు రెండు పలకలు కలిసే అతుకుల్లో సందులు ఉన్నాయేమో రోజూ చూసుకోవాలి, అక్కడ బూటు మొన చిక్కుకుంటే ఎంత సాధన చేసిన కాలికైనా రక్షణ ఉండదు.

వాలీబాల్‌లో నెట్ దగ్గర బ్లాక్‌కో స్మాష్‌కో ఎగిరి ఎదుటివారి పాదం మీద దిగడం వల్లనే చాలా బెణుకులు అవుతాయి. మధ్యగీతను పాదం పూర్తిగా దాటనంతవరకు నియమాలు అనుమతిస్తాయి కాబట్టి ఇలా జరిగే అవకాశం ఆటలోనే ఉంది. గోడకు సమాంతరంగా గీత గీసి, రెండు చేతులూ పైకెత్తి నిలువుగా ఎగిరి, గీతకు ఇవతలే రెండు కాళ్లమీద దిగడం 10 సార్లు చేయండి. రెండు కాళ్లమీద దిగే అలవాటు కుదిరాక, పరుగు తీసుకుని స్మాష్ కొడుతున్నట్టు ఎగిరి దిగండి. ముందుకు తూలకుండా దిగగలిగితేనే సరైనట్టు.

బ్యాడ్మింటన్‌లో ప్రమాదం కోర్టు వెనుక మూలల్లో ఉంటుంది. వెనక్కి వెళ్లి గాలిలో కాళ్లు మార్చి స్మాష్ కొట్టినప్పుడు, రాకెట్ పట్టని వైపు కాలు ఒంటరిగా, శరీరం వెనుక దిగుతుంది. షటిల్ లేకుండా ఆ కదలికను సగం వేగంతో చేసి, దిగిన కాలిమీద ఒక లెక్క ఆగి, అప్పుడు మధ్యకు రండి. ఒక్కొక్క మూలకు 6 సార్లు. ఆగడం వల్ల ఆటవేగం తగ్గిపోతుందని కోచ్‌లు అనవచ్చు. ఇది సాధన సమయంలో మాత్రమేనని, మ్యాచ్‌లో ఆగాల్సిన పని లేదని వారికి చెప్పండి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

దెబ్బ తగిలిన కాలికే చేయడం మొదటిది. బెణుకు తరువాత నిలకడ రెండో కాలిలోనూ కొంత తగ్గవచ్చు, పైగా పోల్చుకోవడానికి అది అవసరం. రెండు కాళ్లకూ చేయండి, దెబ్బ తగిలిన కాలికి ఒక విడత ఎక్కువ చేయండి.

వేళ్లను నేలలోకి గుచ్చినట్టు ముడుచుకుని నిలబడటం చాలామంది తమకు తెలియకుండా చేసే పని. అప్పుడు సమయం ఎక్కువ వస్తుంది, పట్టు రాదు. వేళ్ల గోళ్లు తెల్లబడుతున్నాయా అని చూసుకుంటే తెలుస్తుంది. అలాగే ఊపిరి బిగపట్టి 30 సెకన్లు నిలబడితే అది లెక్కలోకి రాదు. బిగ్గరగా అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఈ పొరపాటు దానంతట అదే పోతుంది.

కొద్దిగా కదిలితే ఓడిపోయినట్టు భావించవద్దు. చీలమండ సన్నగా అటూ ఇటూ ఊగుతూ సర్దుకోవడమే మనం నేర్పుతున్నది. అసలు ఊగడమే లేకపోతే ఆ వ్యాయామం మీకు మరీ తేలికైందని అర్థం, తరువాతిదానికి వెళ్లండి. గోడను పట్టుకోకుండా అసలు నిలబడలేకపోతుంటే మరీ కష్టమైందని అర్థం, ఒక మెట్టు వెనక్కి రండి.

మెత్తటి పరుపు మీదో ఊగే చెక్కమీదో బరువులు పట్టుకుని గుంజీలు తీయడం ఇప్పుడు జిమ్‌లలో చూస్తున్నాం. చూడటానికి ఘనంగా ఉంటుంది, కానీ ఊగే చోట కాలు పూర్తి బలాన్ని వాడలేదు కాబట్టి బలమూ సరిగా పెరగదు, పడిపోయే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. బరువులు గట్టి నేలమీద ఎత్తండి, నిలకడ సాధన బరువులు లేకుండా చేయండి.

మరీ అలసిపోయాక చేయడం ఇంకొకటి. మొదటి ఆరు వారాలు దీన్ని ఆటకు ముందు, ఒళ్లు కాస్త వేడెక్కాక చేయండి. చివరి రెండు వారాల్లో మాత్రం వారానికి ఒక రోజు ఆట ముగిశాక ఆరో మెట్టును కొద్దిగా చేయవచ్చు, ఎందుకంటే అలసిన కాలితో దిగడం కూడా ఆటలో భాగమే.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మూడో వారంలో మానేయడం. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 522 మంది క్రీడాకారులతో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో ఇంట్లోనే, ఎవరి పర్యవేక్షణా లేకుండా, ఎనిమిది వారాలు సాధన చేసినవారిలో తరువాతి ఏడాదిలో 22 శాతం మందికి, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవారిలో 33 శాతం మందికి కాలు మళ్లీ బెణికింది. సాధన చేసినా ప్రమాదం పోలేదు, తగ్గింది. ఈ తేడా చిన్నదా పెద్దదా అన్నది ఒక సీజన్ పోగొట్టుకున్నవారిని అడగాలి.

బ్రేస్ వాడవచ్చా

బ్రేస్ అంటే చీలమండను పట్టి ఉంచేలా తొడుక్కునే పట్టీ. వాడవచ్చు, సిగ్గుపడనక్కరలేదు. బ్రేస్ వేసుకుంటే కాలు బలహీనమైపోతుందన్న భయం మన ఆటగాళ్లలో బాగా ఉంది. కానీ 2014లో వెలువడిన మరో డచ్ అధ్యయనంలో మళ్లీ బెణకడం బ్రేస్ వేసుకున్నవారిలోనే, సాధన మాత్రమే చేసినవారికంటే తక్కువగా కనిపించింది. ఆటలోకి తిరిగి వెళ్లిన తొలి నెలల్లో మ్యాచ్‌లకు తాళ్లతో బిగించే బ్రేస్ వేసుకుని, ఇంట్లో సాధనను బ్రేస్ లేకుండా చేయమని నేను చెబుతాను. బ్రేస్ మైదానంలో పాదాన్ని పట్టుకుంటుంది, మూడు గీతల మీద మీ కాలు ఎంత దూరం పోతుందన్నది మాత్రం మార్చలేదు. చీలమండ చుట్టూ అంటించే టేపు కూడా పనిచేస్తుంది గానీ చెమటకు వదులవుతుంది, ప్రతిసారీ కొత్తగా వేయాలి, వేయడం వచ్చినవాళ్లు పక్కన ఉండాలి. క్రేప్ బ్యాండేజీని దీనికి ప్రత్యామ్నాయంగా అనుకోవద్దు.

ఫలితం ఎలా చూసుకోవాలి

ప్రతి సాధన మరుసటి ఉదయం మంచం దిగి వేసే మొదటి పది అడుగులను గమనించండి. ముందు రోజుకంటే బిగుతుగా ఉన్నా, చీలమండ చుట్టూ వాపు ఎక్కువగా కనిపించినా, ఆ రోజు విరామం తీసుకుని తరువాతి సాధనలో గెంతులు తీసేయండి. సాధన మధ్యలో సూదిగుచ్చినట్టు నొప్పి వస్తే అప్పుడే ఆపాలి. పిక్కలోగానీ అరికాలిలోగానీ మామూలు అలసట నొప్పికి ఆపనక్కరలేదు.

నాలుగో వారం చివర, ఎనిమిదో వారం చివర మొదటి రోజు తీసుకున్న నాలుగు కొలతలూ మళ్లీ తీసుకోండి. అదే గది, అదే సమయం, అదే ఒట్టి కాళ్లు. గీతల మీద ఒకటి రెండు సెంటీమీటర్ల మార్పును లెక్కలోకి తీసుకోవద్దు, అంత తేడా కొలవడంలోనే రావచ్చు. ఎనిమిదో వారం చివర ఇవి కనిపించాలి: ముందు గీత మీద రెండు కాళ్ల తేడా 4 సెంటీమీటర్లలోపుకు రావడం, కళ్లు మూసి నిలబడే సమయంలో రెండు కాళ్లూ దాదాపు సమానం కావడం, ఐదు గెంతుల్లో కనీసం నాలుగు శుభ్రంగా దిగడం. వీడియోలో మోకాలు లోపలికి పడటం లేదని, మడమ నిటారుగా ఉందని చూసుకోండి.

ఒక కొలత మాత్రమే వెనుకబడితే దానికి సంబంధించిన మెట్టును మరో రెండు వారాలు చేయండి. గోడ కొలత అలాగే ఉండిపోతే గోడకు చేతులు ఆనించి, వెనుక కాలి మడమ లేవకుండా పిక్క సాగదీసే వ్యాయామాన్ని రోజూ 30 సెకన్ల చొప్పున మూడుసార్లు చేర్చండి. అన్నీ బాగానే ఉన్నా, గతుకుల దారిలో నడిచేటప్పుడు కాలు జారిపోతున్నట్టు, కీలు వదిలేసినట్టు ఇంకా అనిపిస్తుంటే, లేదా కీలు లోపల ఏదో అడ్డుపడి పట్టేస్తున్నట్టు ఉంటే, ఇక ఇంటి సాధనతో కాలం గడపకుండా క్రీడా గాయాలు చూసే ఫిజియోథెరపిస్టును గానీ ఎముకల వైద్యుని గానీ కలవండి. లిగమెంటు పూర్తిగా తెగి ఉండవచ్చు, మృదులాస్థి దెబ్బతిని ఉండవచ్చు. ఇవి నిలబడటంతో బాగుపడేవి కావు. వెళ్లేటప్పుడు కొలతలు రాసుకున్న పుస్తకం, రెండు వీడియోలు తీసుకెళ్లండి, వారి పని సగం తేలికవుతుంది.

ఎనిమిది వారాల తరువాత వారానికి మూడు రోజులు చేయనక్కరలేదు. వారానికి రెండుసార్లు, ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించే సమయంలో, కళ్లు మూసి ఒంటికాలి మీద రెండు విడతలు, నాలుగు దిక్కులకూ గెంతి దిగడం ఒక విడత, మీ ఆటకు సంబంధించిన ఎనిమిదో మెట్టు ఒక విడత: మొత్తం ఐదారు నిమిషాలు పడుతుంది. సెలవుల్లో నెలకు పైగా ఆట మానేసి తిరిగి వస్తే నాలుగో వారం సాధన నుంచి మళ్లీ మొదలుపెట్టండి.